వాడిన ఎలక్ట్రిక్ కారు కొని ఓనర్ల సంఘంలో చేరాను: ఏడాది అనుభవం

నేను 2024 ఫిబ్రవరిలో నాలుగేళ్లు వాడిన ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాను. కొనకముందే ఆ బ్రాండ్ ఓనర్ల గురించి రెండు మాటలు నా చెవిన పడ్డాయి. వాళ్లంతా ఒక కుటుంబంలా ఉంటారని, దారిలో ఎక్కడ ఆగిపోయినా ఎవరో ఒకరు వచ్చి ఆదుకుంటారని ఒకరు చెప్పారు. వాళ్లకు టెక్కు ఎక్కువని, వాళ్ల మధ్యకు వెళితే నాకే తెలిసివస్తుందని మరొకరు చెప్పారు. ఈ ఏడాదిలో రెండూ నాకు ఎదురయ్యాయి. కొన్నిసార్లు రెండూ ఒకే మనిషి దగ్గర ఎదురయ్యాయి. నేను చెప్పదలచుకున్నది కారు గురించి కంటే దాన్ని నడిపే మనుషుల గురించి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. వాడిన కారు కొని అటువంటి సంఘంలో చేరాలనుకునేవారికి అక్కడ వాస్తవంగా ఏం జరుగుతుందో, ఏ పనికి ఎంతకాలం పడుతుందో ముందే తెలియాలని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదటి సాయం నేను ఓనర్‌ను కాకముందే అందింది. జనవరిలో కారు చూసి వచ్చాక, దాని బ్యాటరీ ఎంత బాగుందో ఎలా తెలుసుకోవాలో పాలుపోక ఒక ఛార్జింగ్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడ అదే మోడల్ కారును ఛార్జింగ్‌కు పెట్టి కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను. ఆయన నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టిన చిన్న డాంగిల్‌ను (కారు కంప్యూటర్‌లోని వివరాలను ఫోన్‌కు పంపే పరికరం), దాని ద్వారా ఫోన్‌లో కనిపిస్తున్న అంకెలను ఓపికగా వివరించారు. తెర మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్లవచ్చని చూపించే అంకె ఇటీవల కారు నడిపిన తీరును బట్టి మారిపోతుందని, కొనేవారు దాన్ని నమ్మకూడదని అన్నారు. చూడాల్సింది బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని (కొత్తప్పటి సామర్థ్యంలో ఎంత మిగిలిందో చెప్పే అంకె), బ్యాటరీలోని చిన్న సెల్స్ మధ్య ఓల్టేజ్ తేడాను. ఆ తేడాను కూడా నిండా ఛార్జ్ చేసి ఉన్నప్పుడు మాత్రమే చూసి ఊరుకోకూడదని, ఛార్జ్ బాగా దిగినప్పుడు మళ్లీ చూడాలని, బలహీనపడిన సెల్ సాధారణంగా అక్కడే బయటపడుతుందని చెప్పారు. చాలా కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. సామర్థ్యం తగ్గినందుకు అది వర్తించేది సాధారణంగా ఆలోపు 70 శాతం కంటే కిందికి పడిపోతేనే. అందువల్ల 72 శాతం దగ్గర నిలబడిన బ్యాటరీని కొన్నవారికి అటు సామర్థ్యమూ ఉండదు, ఇటు వారంటీ కూడా దక్కదని హెచ్చరించారు. నేను లేవబోతుంటే ఆ డాంగిల్‌ను ఊడదీసి నా చేతిలో పెట్టి, "మీ పని అయ్యాక ఇవ్వండి, తొందరేమీ లేదండీ" అన్నారు. అప్పటికి ఆయనకు నా పేరు కూడా తెలియదు.

నేను చూసిన కారు 91 శాతం చూపించింది. సెల్స్ మధ్య తేడా కూడా తక్కువగానే ఉంది. ఆ అంకెలు చేతిలో ఉండడం వల్ల ధర మాట్లాడడం తేలికైంది. విడిగా నిపుణుడిని పిలిపించి తనిఖీ చేయించడానికి అయ్యే ఖర్చుతో అటువంటి డాంగిళ్లు నాలుగైదు కొనుక్కోవచ్చు.

పేరు మార్పిడి పత్రాల పని త్వరగానే తెమిలింది. వారాల తరబడి నన్ను తిప్పింది కారు యాప్. అమ్మినవారు ఫోన్‌లోంచి యాప్‌ను తీసేయడం వేరు, తమ ఖాతాలోంచి కారును తొలగించడం వేరు. రెండోది జరిగితే తప్ప కొత్త ఓనర్ ఖాతాలో ఆ కారు చేరదు. అమ్మినవారు తమ వైపు నుంచి తొలగించినా, కంపెనీ నా గుర్తింపు పత్రాన్ని, యాజమాన్య పత్రాన్ని, ఛాసిస్ నంబర్ ఫొటోను సరిచూసి ఆమోదించడానికి మార్చి చివరిదాకా పట్టింది. ఈ మధ్యకాలంలో పాత ఖాతాకే సందేశాలు వెళుతూ ఉండేవి. ఒక రాత్రి అమ్మినాయన ఫోన్ చేసి, "మీ కారు ఛార్జింగ్ పూర్తయిందని నాకు ఇంకా సందేశాలు వస్తున్నాయండీ, మీకు చెప్పడం ధర్మమని చేశాను" అన్నారు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి చెప్పారు. నేను ఎక్కడ ఉన్నానో, ఎప్పుడు ఇల్లు చేరానో వేరొకరి ఫోన్‌లో కనిపించే అవకాశం ఉందన్న ఆలోచనతో ఆ నెలంతా నాకు మనసు కుదుటపడలేదు. వాడిన కారు కొనేవారు, డబ్బు చివరి వాయిదా చెల్లించేముందు, అమ్మేవారి చేత తమ ఎదుటే ఖాతాలోంచి కారును తొలగింపజేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఏప్రిల్‌లో ఓనర్ల సంఘానికి దరఖాస్తు చేశాను. దరఖాస్తు పత్రంలో అడిగినవి రెండే: నా పేరు మీద కంపెనీ ఇచ్చిన అసలు ఇన్వాయిస్, డెలివరీ తీసుకున్న తేదీ ఉన్న పత్రం. నా దగ్గర రెండూ లేవు. యాజమాన్య పత్రాన్ని జత చేసి, కారు వాడినదే కొన్నానని వివరంగా రాసి పంపాను. మే నెల సగం గడిచాక ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఇన్వాయిస్ లేనివారి దరఖాస్తులను ప్రస్తుతం పరిశీలించడం లేదన్నది ఆ వాక్యం. సంబోధన లేదు, కారణం లేదు, ఎవరు రాశారో పేరు కూడా లేదు. నిజం చెప్పాలంటే ఆ జవాబు నన్ను చాలా నొప్పించింది. ఒకే కారు, ఒకే బ్యాటరీ, ఒకే ఛార్జింగ్ స్టేషన్లలో ఒకే ఎదురుచూపు. మరి మొదటి చేతికి, రెండో చేతికి మధ్య ఈ గీత ఎందుకు గీస్తున్నారో నాకు బోధపడలేదు.

సంగతి విని, డాంగిల్ ఇచ్చిన పెద్దాయన జూన్‌లో జరిగే సమావేశానికి నన్ను అతిథిగా తీసుకెళ్లారు. విశాలమైన పార్కింగ్ స్థలంలో కార్లన్నీ వరసలుగా నిలిపి ఉన్నాయి. వచ్చినవారిలో చాలామంది కొత్తగా విడుదలైన పెద్ద బ్యాటరీ వేరియంట్ చుట్టూ గుమికూడారు. నా కారు దగ్గరికి ఒకాయన వచ్చి, చుట్టూ ఒకసారి నడిచి, చక్రాల వైపు, వెనక డిక్కీ మీది అక్షరాల వైపు చూసి, "చిన్న బ్యాటరీయా అండీ?" అని అడిగారు. అవునన్నాను. "అయితే ఊళ్లో తిరగడానికి సరిపోతుంది లెండి" అని, నా జవాబు కోసం ఆగకుండా ముందుకు సాగిపోయారు. ఆయన మాటలో తిట్టు లేదు, ఎగతాళి కూడా లేదు. నా కారును ఒక మెట్టు మీద నిలబెట్టి, ఆ మెట్టు ఎక్కడుందో నాకు తెలియజేశారు, అంతే. ఆ రోజు అక్కడ విన్న సంభాషణల్లో చాలా భాగం ఇలాంటి మెట్ల గురించే సాగింది: ఎవరిది ఎన్ని కిలోవాట్ల వేగంతో ఛార్జ్ అవుతుంది, ఎవరు ముందుగా బుక్ చేశారు, మొదటి విడతలో డెలివరీ తీసుకున్నవారు ఎవరు. మొదటి విడతవారికి అక్కడ ప్రత్యేకమైన గౌరవం ఉంది. వాళ్ల మాటకు ఎదురు చెప్పేవారు కనిపించలేదు.

అయితే అదే సమావేశంలో ఒక యువకుడు ఎండలో గంటకు పైగా నిలబడి, ఒకరి తరువాత ఒకరికి, ఛార్జింగ్ గన్ (కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్) ఇరుక్కుపోతే ఏం చేయాలో చూపించాడు. డిక్కీలో పక్కనున్న లైనింగ్‌ను కొద్దిగా తొలగిస్తే లోపల సన్నని తీగ ఒకటి ఉంటుందని, దాన్ని మెల్లగా లాగితే గన్‌ను పట్టి ఉంచిన పిన్ను విడిపోతుందని, ఛార్జింగ్ పూర్తిగా ఆగిందని చూసుకున్న తరువాతే ఆ పని చేయాలని చెప్పాడు. నా వేరియంట్ ఏదో అతను అడగలేదు. నా చేత్తోనే లాగించి, పిన్ను విడిపోయిన చప్పుడు వినిపించాకే వదిలాడు. ఆగస్టులో, చీకటి పడ్డాక, ఒక హైవే పక్కన గన్ నిజంగానే ఇరుక్కుపోయినప్పుడు, సాయానికి ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేసి ఎంతసేపు వేచి ఉన్నా ఎవరూ పలకని స్థితిలో, ఆ తీగే నన్ను బయటపడేసింది.

ఛార్జింగ్ స్టేషన్ల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఓనర్ల ఆత్మీయతైనా, దర్పమైనా స్పష్టంగా కనిపించేది అక్కడే. కారు కొన్న తొలి నెలల్లో, అదే బ్రాండ్ కారు ఎదురైతే చాలామంది చేయి ఎత్తేవారు, కొందరు లైటు ఒకసారి వెలిగించి ఆర్పేవారు. అది నాకు ఎంతో సంతోషం కలిగించేది. పోనుపోను గమనిస్తే, చేయి ఎత్తేవారిలో ఎక్కువమంది పాత మోడల్ నడిపేవారని, కొత్త మోడల్‌లో ఉన్నవారు చాలావరకు తిరిగి చూడరని అర్థమైంది. ఇది పొగరేనని చాలాకాలంగా ఓనర్లుగా ఉన్న కొందరు నాతో అన్నారు. కొత్తగా కొన్న నలుగురైదుగురితో మాట్లాడాక నాకు వేరే అభిప్రాయం ఏర్పడింది. వాళ్లకు చేయి ఎత్తడమనే అలవాటు ఒకటి ఉన్నదన్న సంగతే తెలియదు. కార్లు తక్కువగా ఉన్నప్పుడు ఎదురైన ప్రతి కారూ ఒక వార్త. ఏ ఛార్జర్ పనిచేస్తోందో, ఏది పాడైందో ఎదురుగా వచ్చేవారిని అడిగితే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు ఆ సమాచారంలో చాలా భాగం ఫోన్‌లోనే కనిపిస్తుంది, కార్లు కూడా పెరిగాయి, పలకరించాల్సిన అవసరం తగ్గింది.

అక్కడ నాకు మింగుడుపడని సంఘటన ఒకటి జరిగింది. రెండు గన్‌లున్న ఛార్జర్‌లో మా బ్రాండ్ కారు ఒకటి, వేరే బ్రాండ్ కారు ఒకటి పక్కపక్కన ఛార్జ్ అవుతున్నాయి. నేను వరసలో ఉన్నాను. మా బ్రాండ్ ఓనర్ కిందికి దిగి, వేరే బ్రాండ్ ఆయనతో, 80 శాతం దాటాక గన్ తీసేయడం మర్యాద అని, మా కారు ఒకటి ఎదురుచూస్తోందని గట్టిగా అన్నారు. 80 దాటాక సెల్స్‌ను కాపాడేందుకు కారే ఛార్జింగ్ వేగాన్ని తగ్గించుకుంటుంది కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. కానీ చెబుతున్న ఆయన కారు అప్పటికే 90 దాటి ఉంది. అవతలి ఆయన మారుమాట్లాడకుండా గన్ తీసి ఇచ్చి వెళ్లిపోయారు. నా తరఫున ఒకరు నిలబడ్డారని సంతోషించాల్సిన ఆ క్షణంలో నాకు సిగ్గనిపించింది. వెళ్లిపోతున్న ఆయనకు నా వంతుగా క్షమాపణ చెప్పి, నాకు తొందరేమీ లేదని అన్నాను. ఒకరికొకరు సాయపడే మనుషులే, ఆ సాయం తమవారికి మాత్రమే చెందాలనుకున్నప్పుడు బయటివారికి ఎలా కనిపిస్తారో ఆ రోజు దగ్గరగా చూశాను.

తరువాత పెద్దాయనకు ఈ సంగతి చెబితే ఆయన టెస్లా ఓనర్ల ఉదాహరణ ఎత్తారు. 2012లో ఆ కంపెనీ సూపర్‌ఛార్జర్లనే తన వేగవంతమైన ఛార్జింగ్ స్టేషన్లను మొదలుపెట్టినప్పుడు అవి ఆ బ్రాండ్ కార్లకు మాత్రమే ఉండేవి. 2021 నవంబర్‌లో నెదర్లాండ్స్‌లో ప్రయోగాత్మకంగా కొన్నింటిని ఇతర బ్రాండ్లకు తెరిచారు. టెస్లా కారులో ఛార్జింగ్ పోర్టు ఉండే చోటును బట్టి కేబుల్ పొట్టిగా చేశారు కాబట్టి, పోర్టు వేరే చోట ఉన్న కారు వస్తే అడ్డంగా నిలపాల్సి వచ్చి, ఒక్కోసారి రెండు స్థలాలు ఆక్రమిస్తుంది. అప్పటివరకు తమవిగా భావించిన చోట ఈ ఇబ్బంది ఎదురైనప్పుడు పాత ఓనర్లు గొణిగితే, బయటివారికి అది దర్పంగానే తోచింది. "కేబుల్ ఇంకాస్త పొడుగ్గా ఉంటే ఆ తగువులో సగం ఉండేది కాదండీ" అన్నారాయన. సగమన్నది ఆయన లెక్క. మిగిలిన సగం మనుషులదేనని నా లెక్క.

ఇక అసలు కష్టం. సెప్టెంబర్‌లో ఒక ఉదయం కారు తలుపు తెరుచుకోలేదు. కీలోపల దాచి ఉండే లోహపు తాళంచెవితో తెరిచి కూర్చుంటే తెర వెలగలేదు. కారును నడిపే పెద్ద బ్యాటరీలో ముందురోజు రాత్రి 64 శాతం ఛార్జ్ ఉంది. పాడైంది 12 ఓల్టుల చిన్న బ్యాటరీ. ఎలక్ట్రిక్ కారులో కూడా కంప్యూటర్లను, తాళాలను, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్‌లను నడిపేది ఆ చిన్న బ్యాటరీయే. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు కదలదు. ఈ విషయం కారు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. చిన్న బ్యాటరీకి బయటినుంచి కరెంటు అందించే బూస్టర్ ఒకటి తెప్పించి తగిలిస్తే రెండు నిమిషాల్లో కారు లేచింది. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ పాతబడిందని చెప్పి మార్చారు. ఖర్చు నాదే. అక్టోబర్ మొదట్లో, కొత్త బ్యాటరీతో, మళ్లీ అదే జరిగింది. రెండోసారి వెళ్లినప్పుడు, నేను యాప్‌ను ఎక్కువసార్లు తెరుస్తున్నానేమో, అందువల్ల కారు పదేపదే మేల్కొంటోందేమో అన్నారు. అది కొన్ని కార్లలో జరిగే మాట నిజమే. నేను వారంపాటు యాప్ ముట్టుకోకుండా చూశాను. పరిస్థితి మారలేదు.

అక్టోబర్ సమావేశంలో, పెద్దాయన అనుమతి తీసుకుని, అందరి ముందు ఈ సమస్య ఎత్తాను. ఆ కొద్ది నిమిషాలు ఇప్పటికీ నాకు స్పష్టంగా గుర్తున్నాయి. మొదటి విడత ఓనర్ ఒకరు లేచి, తన కారులో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అలా జరగలేదన్నారు. మరొకరు, వాడిన కారు కదా, ముందు నడిపినవారు ఎలా వాడారో ఎవరికి తెలుసు అన్నారు. ఇంకొకరు, ఇలాంటి మాటలు బయటికి వెళితే ఎలక్ట్రిక్ కార్లంటే గిట్టనివారికి అవకాశం ఇచ్చినట్టవుతుందని, కారుకు చెడ్డపేరు తేవద్దని హితవు చెప్పారు. కారులోని లోపం గురించి మాట్లాడితే తమ ఎంపికను, తమ నమ్మకాన్ని తప్పుపట్టినట్టు వారికి తోచిందని అప్పుడే గ్రహించాను. మెట్ల గురించి ఇంతకుముందు రాసినదంతా దీని ముందు చిన్న విషయం. పెద్ద బ్యాటరీ వేరియంట్ గొప్పలు చెప్పుకున్నా వినేవారికి కాసేపు మనసు చివుక్కుమనడం తప్ప నష్టం లేదు. లోపం చెప్పినవారిని అనుమానించే అలవాటు మాత్రం ఆ లోపాన్ని దాచిపెడుతుంది, రేపు అదే లోపంతో దారిలో ఆగిపోయేవారిని ఒంటరిని చేస్తుంది.

సమావేశం ముగిశాక పార్కింగ్ దగ్గర ఒకావిడ నా దగ్గరికి వచ్చి, తన కారులో కూడా చిన్న బ్యాటరీ పోయిందని, లోపల చెప్పడానికి మొహమాటపడ్డానని అన్నారు. ఆ వెనుకే మరో ఇద్దరు వచ్చారు. నేను వెళ్లేలోపు తీగ లాగడం నేర్పిన యువకుడు ఒక కాగితం తీసి పేర్లు, కారు తయారైన నెల, సాఫ్ట్‌వేర్ వెర్షన్, చిన్న బ్యాటరీ పోయిన తేదీ రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఒక విషయం తేలింది. సమస్య వచ్చిన కార్లన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో ఉన్నాయి. రోజుల తరబడి నిలిపి ఉంచినప్పుడు పెద్ద బ్యాటరీ నుంచి చిన్న బ్యాటరీకి ఛార్జ్ అందాల్సిన ఏర్పాటు వాటిలో సరిగ్గా పనిచేయడం లేదు.

ఈ కాగితం పుణ్యాన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేశారు. మే నెలలో ఆ ఒక్క వాక్యం రాసింది తానేనని ఆయనే చెప్పారు. అంతకుముందు ఏడాది సంఘం తరఫున కంపెనీకి ఒక ఉమ్మడి వినతి పంపితే, సంతకాలు చేసినవారిలో అసలు కారే లేనివారు, కార్లు కొని అమ్మే వ్యాపారులు ఉన్నారని చూపించి దాన్ని పక్కన పెట్టేశారట. అప్పటినుంచి ఇన్వాయిస్ ఉంటే తప్ప ఎవరినీ చేర్చుకోవడం లేదట. "మిమ్మల్ని తక్కువ చేయాలని కాదండీ, మాకు రుజువు కావాల్సి వచ్చింది" అన్నారు. ఆయన చెప్పిన కారణం సబబైనదే. కానీ ఆ కారణాన్ని మే నెలలోనే ఇంకో వాక్యంగా రాసి ఉంటే నాకు ఐదు నెలల నొప్పి తప్పేదని ఆయనకు సూటిగానే చెప్పాను. ఆయన కాసేపు ఆగి, నాలాగే తిరస్కరించిన వారి దరఖాస్తులు ఇంకా తన దగ్గర ఉన్నాయని, వాటిని మళ్లీ చూస్తానని మాట ఇచ్చారు.

ఉమ్మడి వినతి మళ్లీ రాయడానికి మొదటి విడతవారు ముందు ఒప్పుకోలేదు. వారిని ఒప్పించింది పెద్దాయన. నవంబర్‌లో కొద్దిమందిమే కూర్చున్న రోజున, ఎలక్ట్రిక్ కార్ల ఓనర్లు కలిసికట్టుగా నిలబడిన రెండు సందర్భాలను ఆయన వారికి గుర్తుచేశారు. జనరల్ మోటార్స్ 1996 నుంచి ఈవీ1 అనే కారును లీజుకు మాత్రమే ఇచ్చి, తరువాత అన్నిటినీ వెనక్కి తీసుకుని చాలావాటిని నుజ్జు చేయించింది. డబ్బిచ్చి కొనుక్కుంటామని నడిపినవారు అడిగినా ఒప్పుకోలేదు. 2005లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో, చివరి కార్లు నిలిపిన స్థలం బయట వారు వారాల తరబడి కాపలా కూర్చున్నారు. ఆ కార్లు దక్కలేదు. రెండోది అరిజోనాలోని నిస్సాన్ లీఫ్ ఓనర్ల సంగతి. వేడి ప్రాంతంలో, బ్యాటరీ సామర్థ్యాన్ని తెర మీద చూపే గీతలు త్వరగా తగ్గిపోతున్నాయని గమనించి, వారు 2012 సెప్టెంబర్‌లో కార్లను ఒకచోట చేర్చి, అన్నింటినీ ఒకే దారిలో నడిపి ఎంత దూరం వస్తున్నాయో కొలిచారు. ఆ తరువాత కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి కూడా వారంటీ ప్రకటించింది. ఐదేళ్లు లేదా 60,000 మైళ్ల లోపు 12 గీతల్లో 9 కంటే తగ్గితే బాగుచేస్తామంది. "ఆ లీఫ్ ఓనర్లు కారు మీద ప్రేమ లేక కొలవలేదు కదా" అని పెద్దాయన అడిగితే, అక్టోబర్‌లో నాకు హితవు చెప్పిన ఆయనే మొదటి సంతకం చేశారు. ఆయన మీద నాకున్న కోపం ఆ సంతకంతో చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు.

వినతి నవంబర్ చివర వెళ్లింది. ప్రతి సంతకానికీ యాజమాన్య పత్రం నకలు జత చేశాం. డిసెంబర్ అంతా జవాబు లేదు. 2025 జనవరి రెండో వారంలో, సమస్యను పరిశీలిస్తున్నామని, అంతవరకు చిన్న బ్యాటరీని వారంటీ కింద మార్చి ఇస్తామని తెలిపారు. ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. అది వేయడానికి కారును సర్వీస్ సెంటర్‌లో ఒక పగలంతా వదలాల్సి వచ్చింది. అప్‌డేట్ తరువాత వారం రోజులు కారును కదపకుండా ఉంచి చూస్తే, చిన్న బ్యాటరీ ఓల్టేజ్ 12.6 దగ్గర నిలకడగా ఉంది. మొదటిసారి నా డబ్బుతో మార్పించిన బ్యాటరీ ఖర్చు మాత్రం తిరిగి రాలేదు. రసీదు దాచుకున్న ఇద్దరికి తిరిగి వచ్చిందని విన్నాను, కాబట్టి ఎంత చిన్న మరమ్మతు అయినా రసీదు పారేయకండి. బూస్టర్‌ను ఇప్పటికీ కారులోనే ఉంచుకుంటున్నాను. అది డిక్కీలో ఉంటే, తాళాలు పనిచేయని రోజున దాన్ని బయటికి తీయడమే కష్టమవుతుంది కాబట్టి సీటు కింద పెట్టుకోవడం మంచిది.

సంఘంలో మెట్లు ఇంకా ఉన్నాయి. మొన్నటి సమావేశంలో కూడా కొత్త వేరియంట్ చుట్టూ గుంపు ఉంది, నా కారులాంటి చిన్న బ్యాటరీ వేరియంట్లు చివరి వరసలోనే నిలిచాయి. ప్రాథమికమైన ప్రశ్న అడిగినవారికి మాన్యువల్ చదువుకోమని చెప్పే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారి తీరు నాకు ఎప్పటికీ నచ్చదు. కానీ రాత్రి పదింటికి ఛార్జర్ మొండికేసిందని కొత్తవారు ఎవరైనా ఫోన్ చేస్తే, గన్ బరువుకు కిందికి వాలకుండా చేత్తో కాస్త పైకి ఎత్తి, లోపలికి నొక్కి పట్టుకుని మళ్లీ మొదలుపెట్టమని చెప్పేవారిలో ఆ ఇద్దరు ముగ్గురు కూడా ఉంటారు. వారు ఫోన్ ఎత్తని రోజు నేను చూడలేదు.

దరఖాస్తు పత్రాన్ని మార్చి నుంచి మార్చారు. ఇన్వాయిస్ లేనివారు యాజమాన్య పత్రం నకలు, ఛాసిస్ నంబర్ ఫొటో, యాప్ ఖాతా తమ పేరు మీదికి మారినట్టు చూపే తెర ఫొటో పంపితే సరిపోతుంది. ఖాతా మార్పిడి ఇంకా పూర్తికాని వారు ఆ దరఖాస్తు అందినట్టు కంపెనీ ఇచ్చిన జవాబును జత చేయవచ్చు. తిరస్కరించే పక్షంలో కారణం రాయాలన్న నియమం కూడా చేర్చారు. వాడిన కారు కొన్నవారి దరఖాస్తులను చూసే పనిని నాకు, పార్కింగ్ దగ్గర నాతో మాట్లాడిన ఆవిడకు అప్పగించారు. పత్రాలన్నీ సరిగ్గా ఉంటే వారంలోపే జవాబు ఇస్తున్నాం. ఛాసిస్ నంబర్ ఫొటోలో అంకెలు మసకగా ఉంటే తిరిగి అడగాల్సి వస్తుంది కాబట్టి, పగటి వెలుతురులో, అద్దం మీద నీడ పడకుండా తీసి పంపండి.